భిక్షపతి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు

వాల్వు ఆంప్లిఫయర్లు కట్టడం నేర్చుకుంటామని నల్లగొండలో మా ఇంటికి వచ్చేవాళ్లందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఏ దేశపు వాల్వు మంచిది? పవర్ సప్లయ్ గురించి అడిగినవాణ్ని ఇంతవరకు నేను చూడలేదు. వాల్వు గాజు గొట్టం, ఎర్రగా వెలుగుతుంది, ఫోటోలో బాగుంటుంది. పవర్ సప్లయ్ డబ్బా అడుగున ఉంటుంది కాబట్టి దానికి అభిమానులు లేరు. నేను ఆ అడుగునే పనిచేసి రిటైరయ్యాను. అందుకని మీరు అడగని దాని గురించే రాస్తున్నాను.

నా చదువూ సర్టిఫికెట్లూ మీకు అక్కర్లేదు. కట్టంగూరులో ఒక మైకు సెట్ల షాపులో వాల్వు ఆంప్లిఫయర్లు బాగుచేయడం నేర్చుకున్నాను. ట్రాన్సిస్టర్లు వచ్చి వాటిని తుక్కులోకి నెట్టాక బోరు మోటార్ల స్టార్టర్లు, స్టెబిలైజర్లు చూసుకుంటూ సంసారం నడిపాను. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఇక నా బతుకు స్టార్టర్లతోనే తెల్లారిపోతుందనుకుంటున్న సమయంలో, హైదరాబాదులో డబ్బున్నవాళ్లకు మళ్లీ వాల్వుల మీద మోజు పుట్టింది. మేం కిలోల లెక్కన అమ్మేసిన సరుకు అద్దాల షోరూముల్లో కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. దాంతోపాటు పని కూడా వచ్చింది కాబట్టి నవ్వును దాచుకున్నాను.

అసలు పని ఏమిటంటే

గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది. వాల్వుకు కావలసింది ఊగని కరెంటు, అదీ నాలుగు వందల వోల్టుల దాకా. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని పెంచుతుంది, రెక్టిఫయరు దాన్ని ఒకే దిక్కుకు మళ్లిస్తుంది, మిగిలిన ఊగులాటను కెపాసిటర్లూ చోక్ కాయిలూ కలిసి అణుస్తాయి. బురద నీళ్లను ఒక కుండలోంచి ఇంకో కుండలోకి వంచుకుంటూ తేర్చినట్టే ఇది కూడా. తేరకుండా మిగిలిపోయింది స్పీకర్లో గుంయ్‌మని వినిపిస్తుంది. దాన్నే హమ్ అంటారు. మా పనిని కొలిచే పద్ధతి చాలా సులువు. పాట పెట్టకుండా సెట్టు ఆన్ చేసి స్పీకరుకు చెవి ఆనించాలి. ఏమీ వినిపించకపోతే పని బాగున్నట్టు. ఏమీ వినిపించనందుకు ఎవరూ ఎవర్నీ మెచ్చుకోరు. మెప్పు కావలసినవాళ్లు క్యాబినెట్లకు పాలిష్ పెట్టే పనిలో చేరండి.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో వోల్టేజీ నిలిచి ఉంటుంది. దాన్ని రెసిస్టరుతో దించి, మీటరు పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. పాత మెకానిక్‌లు అప్పుడు కూడా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడి చేత్తోనే పని చేసేవారు. రెండు చేతులూ పెడితే షాకు గుండె మీదుగా పోతుంది. ఇప్పుడు ఫోన్లో వీడియోలు చేసేవాళ్లు నాలుగు వందల వోల్టుల డబ్బాలో రెండు చేతులూ ముంచి, మధ్యమధ్యలో కెమెరా వైపు చూసి నవ్వుతుంటారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చెవులు ఉన్నవాళ్లు, ఉన్నాయనుకునేవాళ్లు

కొనేవాళ్ల గురించి మీకు ముందే తెలిస్తే మంచిది. హైదరాబాదులో ఒక పెద్దమనిషి ఇంటికి హమ్ వస్తోందని పిలిస్తే వెళ్లాను. అప్పటికే ఆయనా, ఆయన ఇద్దరు స్నేహితులూ సోఫాలో కూర్చుని, ఫ్యూజును ఎటు తిప్పి పెడితే గాయకుడి గొంతు ముందుకు వస్తుందన్న విషయం మీద వాదించుకుంటున్నారు. నా బొటనవేలంత లావు కరెంటు తీగ కొన్నాక సంగీతం మీద మబ్బు తొలగినట్టు ఉందని ఆయన నాతో చెప్పాడు. నేను సెట్టు వెనక్కి పోయి, టీవీ నుంచి వచ్చే కేబుల్ వైరు పీకేశాను. హమ్ ఆగిపోయింది. అర నిమిషం పని. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆ పెద్దమనిషి నన్ను ఎంతో గౌరవంగా అడిగిన ప్రశ్న, "అయితే ఏ కంపెనీ కేబుల్ వైరు కొనమంటారు?"

హాలియాలో ఒక రైసు మిల్లు ముసలాయన ఉండేవాడు. వాళ్ల నాయిన కాలంనాటి వాల్వు రేడియో గ్రామ్ ఒకటి దాచుకున్నాడు. దానికీ హమ్మే జబ్బు. నేను సంచి దించకముందే ఆయన విషయం చెప్పేశాడు.

"మిల్లు నడిశినప్పుడే గుంయ్‌మంటది. ఆయితారం మిల్లు బందుంటది గదా, ఆ దినం సప్పుడుండదు. దీనికి వేరే లైను గుంజితె సరిపోదా?"

సరిపోయింది. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు, తీగల దిక్కుల గురించి వాదించలేదు. విన్నాడు, ఎప్పుడు వినిపిస్తోందో గమనించాడు. అటువంటి చెవులున్న మనిషి నాకు మళ్లీ దొరకలేదు.

రఘు సార్

నాకు పని ఇచ్చిన ఓనరు రఘు సార్. సాఫ్ట్‌వేరు ఉద్యోగం మానేసి హైదరాబాదులో షోరూము పెట్టాడు. నల్లగొండలో కిరాయి తక్కువని వర్క్‌షాపు ఇక్కడ పెట్టాడు. మర్యాదస్థుడు. ఒక్కనాడూ గొంతు పెంచి మాట్లాడలేదు. కానీ ఆయన పాటను కళ్లతో వినే రకం. కెపాసిటరు మీద బంగారు అక్షరాలు ఉంటే శబ్దం తియ్యగా ఉంటుందని గట్టిగా నమ్మేవాడు. నేను ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు బంగారు అక్షరాలవి తీసి మామూలువి వేశాను. వచ్చి విని, "చూశారా సత్తెయ్య గారూ, మంచి సరుకు వేస్తే తేడా ఎలా తెలుస్తుందో" అన్నాడు. నేను తల ఊపాను. రఘు సార్ దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య తల ఊపడం. అదే తర్వాత నన్ను ముంచింది.

రాగి దారం

బజారులో దొరికే ట్రాన్స్‌ఫార్మర్లు నాకు నచ్చేవి కావు. చుట్టు వదులుగా ఉంటే తీగే వణికి శబ్దం చేస్తుంది. ఆ రోజుల్లోనే భిక్షపతి పని కోసం మా వర్క్‌షాపుకు వచ్చాడు. పోచంపల్లి నేతగాడు, నలభై ఏళ్లవాడు. నేసిన డిజైన్లను అచ్చు గుద్ది చవగ్గా అమ్మేవాళ్లు వచ్చాక మగ్గం మీద ఇల్లు గడవడం లేదన్నాడు. వాళ్లమ్మ ఆసు పోసేది. అంటే రంగు అద్దే ముందు నూలును అర్ధచంద్రం లాంటి చట్రం మీద మేకుల చుట్టూ తిప్పడం. చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి, లెక్క తప్పకూడదు, బిగువు మారకూడదు. చిన్నప్పటి నుంచి ఆమె పక్కన కూర్చుని ఆ పనే చేశానన్నాడు. అతని చేతికి ఒక బాబిన్, రాగి తీగ ఇచ్చి, పన్నెండు వందల చుట్లు చుట్టమన్నాను. సాయంత్రం చూస్తే పొరకు పొర అద్దంలా కూర్చుంది. లెక్కపెట్టే మీటరు పెట్టి చూశాను. సరిగ్గా పన్నెండు వందలు.

"ఎట్ల జేసినవ్ తమ్మీ?" అన్నాను.

"గట్టిగ గుంజితె తెగుతది, వదిలిపెడితె జారుతది. గిది గూడ దారమే గదన్నా, రాగి దారం" అన్నాడు.

ఆరు నెలల్లో మా ట్రాన్స్‌ఫార్మర్లన్నీ అతనే చుట్టాడు. నల్లగొండలో గది కిరాయికి తీసుకున్నాడు. ఊళ్లో మగ్గం దించేసి, కట్టెలు కూడా అమ్మేశాడు. ఇక వెనక్కి పోయేది లేదన్నాడు. రఘు సార్ అతని చేతుల ఫోటో, ముఖం ఫోటో తీయించి, పోచంపల్లి నేతగాడు చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు అని షోరూము బ్రోషర్లో పెట్టాడు. అది చూసి కొనేవాళ్లకు శబ్దం మరింత మెత్తగా వినిపించిందట.

తీగ ఎప్పుడైనా తెగుతుంది. తెగితే పై పూత గీకి, సోల్డర్ వేసి, మీద కాగితం చుట్టి మళ్లీ కొనసాగించాలని నేర్పాను. భిక్షపతి ఇంకొకటి తనంతట తానే చేసేవాడు. అతుకు ఉన్న కాయిల్ బయటి తీగకు ఎర్ర దారం ముక్క కట్టేవాడు. ఎందుకని అడిగితే నేను అడగడమే వింతగా తోచింది అతనికి.

"బట్టల పోగు తెగితె అతుకుతం. అతికినమని జెప్పే ఇస్తం. సెప్పకుంట ఎట్ల ఇస్తమన్నా?"

చిటపట

ఆ ఏడు రఘు సార్ డబ్బాలకు కొత్త రూపు ఇచ్చాడు. నున్నటి నల్ల పెయింటు, వేడి చేసి పట్టించినది, గోటితో గీకినా గీత పడదు. ఎనిమిది సెట్లు కట్టాం, ఎనిమిదీ అమ్ముడుపోయాయి. రెండు నెలలకు ఒకటి వెనక్కి వచ్చింది. గంటసేపు వేడెక్కాక చిటపటమంటోంది, ఆగి ఆగి హమ్ వస్తోంది. వాల్వులు మార్చాను, కెపాసిటర్లు మార్చాను, పోలేదు. ఇంకో రెండు వచ్చాయి. మూడో సెట్టు తిరగేసి చూస్తే ట్రాన్స్‌ఫార్మరు తీగకు ఎర్ర దారం కనబడింది. దొంగ దొరికాడని సంబరపడ్డాను. ఆ సంబరం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

ఆ ట్రాన్స్‌ఫార్మరు తీసి ఫ్యాక్టరీది వేశాను. చిటపట మాయమైంది. రఘు సార్ వర్క్‌షాపుకు వచ్చాడు. బల్ల దగ్గర ముగ్గురం నిలబడ్డాం.

"దీంట్ల అతుకుందా?" అని భిక్షపతిని అడిగాను.

"ఉందన్నా. ఒక్క కాడ తెగింది. దారం కట్టిన గదా."

"మిగతా రెండింట్లకెళ్లి గూడ సప్పుడొచ్చింది. వాటికి దారమేది?"

"వాటిల అతుకు లేదు."

"లేకుంటె సప్పుడెట్లొస్తది? అతికి సెప్పకుంట ఇచ్చినవ్."

అతను నా వైపు చూశాడు. కోపంగా కూడా కాదు, మాట అర్థం కానట్టు చూశాడు. "కాయిల్ ఇప్పి సూడున్రన్నా. మీ ముంగటనే ఇప్పుత. అతుకు మంచిగుంటె మరి?"

విప్పడానికి ఒక పూట పట్టేది. ఒక్క పూట. నేనేమన్నానో రాయకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ. "నలభై ఏండ్ల సంది గిదే పని జేస్తున్న. నాకు నేర్పుతవా?" అన్నాను.

నిజం చెప్పిన మనిషిని, ఆ నిజాన్నే సాక్ష్యంగా పెట్టి అబద్ధాలకోరును చేశాను. రఘు సార్ "ఇంక వద్దులే" అని మెల్లగా అన్నాడు. భిక్షపతి ఎర్ర దారం ఉన్న ఆ ట్రాన్స్‌ఫార్మరును సంచిలో వేసుకుని పోయాడు. ఎవరూ ఆపలేదు. మర్నాటికి అతని ఫోటో ఉన్న బ్రోషర్లు షోరూములో లేవు. సెట్లు కొన్నవాళ్లకు వైండింగులో దొంగ అతుకులు దొరికాయని చెప్పాం. ఈ పనిలో ఉన్నవాళ్లు నగరంలో నలుగురైదుగురే. వాళ్లకు కూడా ఆ మాట చేరింది. చేర్చింది మేమే.

పెయింటు కింద

మూడు సెట్లకూ ఫ్యాక్టరీ ట్రాన్స్‌ఫార్మర్లు వేసి పంపాను. నెలన్నర దాటిందో లేదో మొదటిది మళ్లీ వచ్చింది. అదే చిటపట. ఇప్పుడు అందులో భిక్షపతి చెయ్యి పడిన ముక్క ఏదీ లేదు.

సెట్టులోని ఎర్తు తీగలన్నీ ఒకచోట చేరి, ఒక స్క్రూతో డబ్బా ఇనుముకు బిగుస్తాయి. ఆ స్క్రూ కింద పెయింటును తెల్లటి ఇనుము కనబడేదాకా గీకాలి. ఇది మైకు సెట్ల షాపులో మొదటి వారం నేర్పే పని. ఆ నల్ల డబ్బాలు వచ్చినప్పుడు రఘు సార్, "పెయింటు మీద ఒక్క గీత పడకూడదు సత్తెయ్య గారూ" అన్నాడు. నేను తల ఊపాను. పళ్లున్న వాషరు వేస్తే అదే పెయింటును కొరుక్కుంటుందిలే అనుకున్నాను. ఆ మొండి పెయింటు సరిగ్గా కొరుకుడు పడలేదు. డబ్బా వేడెక్కినప్పుడల్లా ఆ కాస్త అంటు కూడా వదులై చిటపటమంది.

మరి ట్రాన్స్‌ఫార్మరు మార్చగానే శబ్దం ఎందుకు పోయింది? ట్రాన్స్‌ఫార్మరు మార్చాలంటే ఆ స్క్రూ విప్పి మళ్లీ బిగించాలి. కొత్తగా బిగించిన వాషరు నెలన్నర పనిచేసింది. నేను సాధించిన గొప్ప రుజువు అదీ! స్క్రూ బిగించి, మనిషిని తీసేశాను.

రఘు సార్‌కు ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. ఆయన, "ఇప్పుడు కస్టమర్లకు ఇంకో కథ చెప్తే మన మీద నమ్మకం పోతుంది. గీకేసి పంపండి. అతని సంగతి ఎలాగూ అయిపోయింది కదా" అన్నాడు. ఈ మాటకు నేను ఆయన్ని తిట్టుకోవచ్చు. కానీ ఎనిమిది సెట్లూ తెప్పించి, ఎనిమిదింటికీ పెయింటు గీకి, నోరు మూసుకుని రిటైరయ్యే దాకా అదే బల్ల దగ్గర కూర్చున్నది నేను. ఆ తర్వాత ఒక్క సెట్టూ వెనక్కి రాలేదు. ఆ మూడు సెట్లు కొన్నవాళ్లు ఫ్యాక్టరీ ట్రాన్స్‌ఫార్మర్ల గొప్పతనాన్ని పొగిడారు.

పోచంపల్లి

రిటైరయిన నెలకు పోచంపల్లికి పోయాను. భిక్షపతి ఒక చీరల దుకాణంలో కొనేవాళ్లకు పరిచి చూపించినవి మడతపెట్టే పనిలో ఉన్నాడు. ఆ గుట్టలో అచ్చు గుద్దినవే సగం. నన్ను చూసి స్టూలు జరిపాడు.

"కూసోన్రి సార్. చాయ్ తాగుతరా?"

అన్నా అనే పిలుపు పోయింది. అది నాకు తగినదే. కూర్చుని, స్క్రూ సంగతి, పెయింటు సంగతి, రఘు సార్ మాట, నేను ఊరుకున్న సంగతి అన్నీ చెప్పాను. అతను చీరలు మడతపెడుతూనే విన్నాడు.

"నాకు ఎరుకే సార్" అన్నాడు. "ఆ కాయిల్ ఇంటికి తెచ్చినంక మొత్తం ఇప్పిన. అతుకు కాడికొచ్చి గుంజి సూశిన. పక్కన తీగ తెగింది గని అతుకు ఊడలే."

"మరి వచ్చి సెప్పకపోతివి?"

"ఎవలికి జెప్పాలె? మీరు నలభై ఏండ్ల సంది జేస్తున్నరైతిరి."

 వాళ్లింటి దగ్గరే చిన్న చుట్టుడు మిషను పెట్టుకుందాం, నేను ఆర్డర్లు తెస్తానని ఏదేదో చెప్పాను. అతను చేతిలో చీర కింద పెట్టాడు.

"హైదరబాదుల ఇద్దరి కాడికి పోయిన సార్, కాయిల్ సుడ్తనని. కాయితంల ఫోటో సూశిండ్రేమో, మొకం గుర్తువట్టిన్రు. అతుకుల భిక్షపతివి నువ్వేనా అని నవ్విన్రు. మీరు నా కాడికొచ్చి జెప్పుడేంది? నాకు తెల్వదా నేనేం జేసిన్నో? జెప్పితె ఆళ్లకు జెప్పున్రి."

నల్లగొండకు వచ్చి, నగరంలో సెట్లు కట్టేవాళ్లకు ఫోన్లు చేశాను. ఒకాయన ఎత్తలేదు. ఇంకొకాయన అంతా విని, తాము ఇప్పుడు సరుకు బయటి దేశం నుంచి తెప్పిస్తున్నామన్నాడు. మూడో ఆయన భిక్షపతి పేరే మరిచిపోయాడు. మచ్చ మాత్రం గుర్తుంది. "ఆ అతుకులాయనా?" అన్నాడు. రఘు సార్ మర్యాదగానే, "ఇప్పుడవన్నీ ఎందుకు సత్తెయ్య గారూ" అన్నాడు. నేను తల ఊపలేదు. ఫోన్లో ఊపినా ఆయనకు కనబడదు కదా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి, దానికి నేను అర్హుణ్నే.

అందుకే ఇది రాశాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు, షోరూములు నడిపేవాళ్లు, ఆ ఎనిమిది సెట్లు కొన్నవాళ్లు చదవాలి. పోచంపల్లి భిక్షపతి మాకు చుట్టి ఇచ్చిన ట్రాన్స్‌ఫార్మర్లలో ఒక్కటీ చెడిపోలేదు. అతుకు ఉన్నచోట ఉందన్నాడు, లేనిచోట లేదన్నాడు. రెండూ నిజమే. చెడిపోయింది నేను బిగించిన స్క్రూ. మీకు ట్రాన్స్‌ఫార్మరు కావాలంటే అతని దగ్గరికి పొండి. అతుకుల సంగతి ఎవరైనా ఎత్తితే నా పేరు చెప్పండి, సత్తెయ్య, కట్టంగూరు.